పంపాం సరే, అందిందా?

(డిసెంబరు 17 పింఛనుదారుల దినోత్సవ సభలో మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, అది ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ విషయం మీద నాకంటే బాగా మాట్లాడగలవారు ఇప్పటికే మాట్లాడారు. కరువుభత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి ఇంకా మాట్లాడబోయేవారు కూడా ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఏదైనా కొత్త విషయం చెప్పండి, కాని సభ్యులకు అర్థం కావాలి" అన్నారు. అందుకని వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్కులలో సమాచారం నమ్మకంగా ఎలా చేరుతుంది అన్న విషయం తీసుకున్నాను. పేరు విని ఎవరూ లేచి వెళ్ళవద్దని మనవి. ఇది మనం ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళు చేసిన తపాలు సెక్షను పనే. గుమాస్తాలు మారారు, అంతే.

ముందుగా ఇది నా బుర్రలోకి ఎలా వచ్చిందో చెబుతాను. మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. ప్రాజెక్టు పని మీద సెలవుల్లో అయిదు చిన్న పెట్టెలు ఇంటికి తెచ్చింది. ఒక్కొక్కటి అగ్గిపెట్టెల కట్టంత ఉంటుంది. లోపల రెండు పెన్సిల్ బ్యాటరీలు, ఒక చిన్న రేడియో, వేడినో తేమనో కొలిచే ఒక పరికరం. ఒకటి డాబా మీద నీళ్ళ ట్యాంకు దగ్గర, ఒకటి పెరట్లో, ఒకటి వంటింట్లో, ఇలా పెట్టింది. ఒకదాని మాట ఇంకొకటి అందుకుని, చివరకు ముందు గదిలోని కంప్యూటరుకు చేరవేయాలి. నన్ను పక్కన కూర్చోబెట్టి, "తాతగారూ, వచ్చిన నంబర్లు రాసి పెట్టండి" అంది. రిజిస్టరు రాయమంటే నాకు కొత్తేముంది! రూళ్ళ పుస్తకం తీసి గళ్ళు గీశాను. 12 వచ్చింది. తర్వాత 15 వచ్చింది. 13, 14 ఏవమ్మా అంటే, "దారిలో పోయాయండి" అంది. వాన పడి పెరట్లో మామిడాకులు తడిసిన రోజున ఇంకా ఎక్కువ పోయాయి. తడి ఆకులు ఆ రేడియో తరంగాలను మింగేస్తాయట. నేను ఊరుకోలేక, "మరి పోయినట్టు ఆ పెట్టెకెలా తెలుస్తుంది?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వి, "మా సబ్జెక్టంతా ఆ ప్రశ్నేనండి తాతగారూ" అంది.

ఆ ప్రశ్న నన్నెందుకు పట్టుకుందో చివర్లో మనవి చేస్తాను.

మనలో చాలామంది సెల్‌ఫోనులో వాట్సాప్ వాడుతున్నాం. ఒక బూడిదరంగు టిక్కు పడితే మన ఫోను నుంచి వెళ్ళిందని అర్థం. రెండు పడితే అవతలి ఫోనుకు చేరిందని. నీలం రంగు వస్తే చూశారని. పంపడం, అందడం, చూడడం మూడూ వేరు వేరు సంగతులని ఆ టిక్కులు చెబుతున్నాయి. మన ఆఫీసులో ఇదే పద్ధతి ఉండేది. డిస్పాచి రిజిస్టరులో నంబరు పడితే వెళ్ళినట్టు. లోకల్ డెలివరీ బుక్కులో అవతలివాళ్ళ సంతకం ఉంటే అందినట్టు. సంబంధిత గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కితే చూసినట్టు. ఈ మూడిటి మధ్య ఎన్ని కాగితాలు గల్లంతయ్యాయో మనకు తెలియనిది కాదు.

గాలిలో కబురు పంపడంలో ఉన్న చిక్కును మొదట ఎదుర్కొన్నవారిలో హవాయి విశ్వవిద్యాలయం వారు ఒకరు. 1971లో నార్మన్ ఆబ్రామ్‌సన్ బృందం అక్కడి దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపింది. దానికి అలోహా నెట్ అని పేరు. అందరికీ ఒకటే రేడియో దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ పాడవుతాయి. అందుకు వారు పెట్టిన నియమం సులువైనది. కబురు అందితే కేంద్రం రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే కబురు పోయిందనుకుని, కొంతసేపు ఆగి మళ్ళీ పంపాలి. ఆగే సమయం ఒక్కొక్కరిది ఒక్కో రకంగా ఉండాలి, లేకపోతే ఇద్దరూ మళ్ళీ ఒకేసారి ఢీకొంటారు. గుమ్మంలో ఎదురుపడిన ఇద్దరు మర్యాదస్తులు "మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి" అనుకుని ఒకేసారి అడుగు వేసినట్టు.

సెన్సారు పెట్టెల సంగతి ఇంకా కష్టం. వాటి గొంతు చిన్నది, ఎక్కువ దూరం పోదు. అందుకని పక్క పెట్టెకు చెబితే అది ఆ పక్కదానికి చెబుతుంది. ఇలా మజిలీ మజిలీగా వెళ్ళాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, అక్కౌంట్స్ సెక్షనువారు సరిచూడవచ్చు. ప్రతి మజిలీలోనూ నూటికి 90 కబుర్లు చేరతాయనుకుందాం. వినడానికి బాగానే ఉంది. కాని దారిలో పది మజిలీలుంటే? 90 శాతంలో 90 శాతం, దానిలో మళ్ళీ 90 శాతం, ఇలా పదిసార్లు వేస్తే చివరకు చేరేవి నూటికి 35 మాత్రమే. ఎక్కడా పెద్ద తప్పు జరగలేదు. ప్రతివాడూ తన పని 90 పాళ్ళు సక్రమంగానే చేశాడు. అయినా మూడింట రెండు వంతులు గల్లంతు. ప్రభుత్వ పథకాలు హైదరాబాదులో బయలుదేరి పల్లెకు చేరేసరికి ఏమవుతాయో చూసినవాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

దీనికి రెండు మందులు. మొదటిది, చివర కూర్చున్నవాడే రసీదు ఇవ్వడం. రాకపోతే మొదటివాడు మొదటినుంచీ మళ్ళీ పంపడం. రెండవది, ప్రతి మజిలీలోనూ పక్కవాడి దగ్గర అప్పటికప్పుడే రసీదు తీసుకోవడం. రాకపోతే అక్కడే మళ్ళీ పంపడం. ఇందాకటి లెక్కలోనే, ప్రతి మజిలీలో మూడు ప్రయత్నాలు చేయనిస్తే నూటికి 35 కాస్తా 99 అవుతుంది. ఖర్చు కూడా తక్కువే. మొదటి పద్ధతిలో ఒక కబురు చేరడానికి సగటున దాదాపు 19 సార్లు రేడియో వాడాలి. రెండవ పద్ధతిలో 11 సార్లు చాలు. ఇది రసీదుల ఖర్చు పక్కన పెట్టి చెబుతున్న మాట. మొదటి పద్ధతిలో రసీదు కూడా అదే పది మజిలీలు వెనక్కి రావాలి, అదీ దారిలో పోవచ్చు.

అయితే మజిలీ రసీదులతోనే నిశ్చింతగా ఉండలేం. మధ్యలో ఒక పెట్టె కబురు అందుకుని, రసీదు ఇచ్చి, ముందుకు పంపేలోపు బ్యాటరీ అయిపోయి ఆగిపోతే? వెనకవాడి దగ్గర రసీదు భద్రంగా ఉంది, కాగితం మాత్రం లేదు. ప్యూను సంతకం పెట్టి తీసుకుని, ఆ సాయంత్రమే సెలవు మీద వెళ్ళిపోయినట్టు. అందుచేత ముఖ్యమైన విషయానికి చివరి నుంచి కూడా ఒక మాట రావలసిందే.

రసీదు విషయంలో ఇంకో తమాషా ఉంది. కబురు అందింది, కాని రసీదు దారిలో పోయింది. పంపినవాడు పోయిందనుకుని మళ్ళీ పంపుతాడు. అవతల రెండు కాపీలవుతాయి. ఒకే బిల్లు రెండుసార్లు పాసయితే ఏమవుతుందో మనకు తెలుసు, ఆడిట్ పేరా. దానికి విరుగుడు వరస నంబరు. 14వ నంబరు ముందే వచ్చి ఉంటే రెండవ 14ను పక్కన పెట్టి, రసీదు మాత్రం మళ్ళీ ఇవ్వాలి. మరి రసీదు అందిందో లేదో తెలియాలంటే రసీదుకు రసీదు కావాలా? దానికి మళ్ళీ రసీదా? ఈ చిక్కుకు అంతు లేదని కంప్యూటరు శాస్త్రంలో ఇద్దరు సేనాధిపతుల కథగా చెబుతారు. రెండు కొండల మీద ఇద్దరు సేనాధిపతులు, మధ్య లోయలో శత్రువు. దూతలను పంపుకుంటూ "రేపు తెల్లవారుజామున దాడి" అని నిశ్చయించుకోవాలి. దూత పట్టుబడవచ్చు కనుక ఎన్ని జవాబులు నడిచినా ఇద్దరికీ పూర్తి ధీమా రాదు. నూటికి నూరు భరోసా అన్నది ఈ లోకంలో లేదు. సందేహాన్ని తగ్గించుకోగలం, పూర్తిగా తుడిచివేయలేం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. అన్నిటికీ రసీదు ఇవ్వకుండా, రానివాటిని మాత్రమే అడగడం. పై ఆఫీసు నుంచి ప్రొసీడింగ్సు వస్తుంది. కింద 'జతపరచినవి: 7' అని ఉంటుంది. విప్పి చూస్తే 3వది, 6వది లేవు. "3, 6 పంపవలసినది" అని ఒక కార్డు ముక్క రాస్తాం. దీనివల్ల రాతకోతలు తగ్గుతాయి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన మీద బర్కిలీ విశ్వవిద్యాలయం వారు ఈ పద్ధతినే వాడారు. 1937లో ప్రారంభమైన ఆ వంతెన ప్రధాన భాగం పొడవు 4,200 అడుగులు. గాలికి, వాహనాలకు అది ఎలా ఊగుతోందో తెలుసుకోవడానికి 64 పెట్టెలు బిగించారు. ఒక్కొక్కటి సెకనుకు వెయ్యి కొలతలు తీస్తుంది. చివరి పెట్టె కబురు కేంద్రానికి రావాలంటే 46 మజిలీలు. ఇందాకటి 90 శాతం లెక్క వేసి చూడండి, నూటికి ఒక్కటి కూడా చేరదు. అందుకని ముందు కొలతలన్నీ ఎవరి దగ్గర వారే దాచుకుని, తర్వాత నింపాదిగా పంపేవి. ఏవి రాలేదో కేంద్రం అడిగేది, అవి మళ్ళీ పంపేవి. 46వ మజిలీ నుంచి వచ్చే వేగం సెకనుకు 441 బైట్లు. అంటే వెయ్యి ఇంగ్లీషు అక్షరాల కాగితానికి రెండు సెకన్ల పైమాటే. నిదానమే, కాని ఒక్క కొలత కూడా పోకుండా తెచ్చారు. ఊగే వంతెన లెక్కలో మధ్య ముక్కలు పోతే మిగిలింది పనికిరాదు మరి.

దక్షిణ అమెరికాలోని ఈక్వడారులో రెవెంటడోర్ అనే అగ్నిపర్వతం ఉంది. 2005 ఆగస్టులో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు, మరికొందరు కలిసి దాని వాలు మీద 16 పెట్టెలు పెట్టి 19 రోజులు నడిపారు. పర్వతం కదలికలను, గర్జనలను సెకనుకు వంద సార్లు కొలవాలి. అంతా పంపడానికి రేడియోకు శక్తి చాలదు. అందుకని ఒక్కో పెట్టె చివరి 20 నిమిషాల కొలతలనే దాచుకునేది, పాతది చెరిగి కొత్తది పడేది. కొన్ని పెట్టెలు ఒకేసారి "ఇక్కడ కదిలింది" అంటే, కేంద్రం ఒక్కొక్క పెట్టెనూ వంతులవారీగా పిలిచి ఆ ఒక్క నిమిషం తాలూకు రికార్డు తెప్పించుకునేది. రాని ముక్కలను పేరు పెట్టి అడిగేది. మన డిస్పాచి గుమాస్తా లాంటి ఓపిక.

ఆ ప్రయోగంలో నాకు నచ్చినదేమిటంటే, వారు తమ లోపాలను కూడా దాచకుండా ప్రకటించారు. కొండ మీద ఎండావానల్లో ఉన్న పెట్టెలు చాలావరకు బాగానే పనిచేశాయి. ఎక్కువ ఇబ్బంది పెట్టింది కింద కేంద్రంలో ఉన్న కంప్యూటరు. అక్కడ కరెంటు నిలకడగా ఉండేది కాదు. అది ఆగితే పదహారూ ఆగినట్టే. ఒక సాఫ్ట్‌వేరు లోపం వల్ల మూడు రోజులు మొత్తం మూగపోయింది. ఇంకోటి, కొన్ని పెట్టెల గడియారాలు తప్పిపోయి, కొలత సరిగానే చేరినా దాని మీద వేళ తప్పుగా పడింది. ఉత్తరం భద్రంగా వచ్చింది, తేదీ ముద్ర తప్పు! ఆ తేదీలు సరిచేయడానికి తర్వాత చాలా కష్టపడ్డారు. అందడం అంటే కాగితం రావడమే కాదు, సరైన తేదీతో రావడం.

రానివాటిని అడిగే పద్ధతిలో ఒక పెద్ద లోటు ఉంది. అసలు ఒక్క కాగితమూ రాకపోతే దేన్ని అడుగుతాం? పంపారని తెలిస్తేగా! ఇక్కడే మన పాత నిల్ రిపోర్టు గుర్తుకొస్తుంది. చిన్నప్పుడు సర్వీసులో చేరిన కొత్తల్లో నేను విసుక్కునేవాణ్ణి. ఏమీ జరగనప్పుడు "ఏమీ జరగలేదు" అని నెలనెలా కాగితం దేనికి అని. ఇప్పుడు తెలిసింది. ఏమీ రాకపోతే దానికి రెండు అర్థాలు. అక్కడ అంతా క్షేమం అని ఒకటి, చెప్పేవాడే లేడని రెండవది. ఈ రెండిటినీ విడదీసేది నిల్ రిపోర్టు ఒక్కటే. ఈ సెన్సారు పెట్టెలు కూడా విశేషం ఉన్నా లేకున్నా అప్పుడప్పుడు "ఉన్నాను" అని ఒక చిన్న కబురు పంపుతాయి. అది వరసగా కొన్నిసార్లు రాకపోతే పెట్టె పోయిందనుకుని మనిషిని పంపుతారు, లేదా దారి మారుస్తారు.

మరి ఇవన్నీ చేసేయవచ్చు కదా అంటే, బ్యాటరీ ఒప్పుకోదు. ఈ పెట్టెల ఆయుష్షు రెండు పెన్సిల్ బ్యాటరీలు. మాట్లాడటానికే కాదు, చెవి ఒగ్గి వినడానికి కూడా దాదాపు అంతే కరెంటు ఖర్చవుతుంది. అందుకే అవి ఎక్కువసేపు నిద్రపోయి, మధ్య మధ్య లేచి "నాకేమైనా కబురుందా" అని చూసుకుని మళ్ళీ పడుకుంటాయి. కేంద్రానికి దగ్గరగా ఉన్నవాటికి అందరి తపాలూ మోసే బరువు కనుక వాటి బ్యాటరీ ముందు అయిపోతుంది. ఆఫీసరు గది పక్కన కూర్చున్న అటెండరు ముందు అలసిపోయినట్టు. కాబట్టి ఏది తప్పనిసరిగా చేరాలి, ఏది కొంత పోయినా ఫర్వాలేదు అన్న విచక్షణ కావాలి. పది పెట్టెలు ఒకే పొలంలో తేమ చెబుతుంటే రెండు రాకపోయినా నష్టం లేదు. ప్రమాద హెచ్చరిక ఒక్కటి పోతే నష్టమే. ఫైళ్ళన్నిటికీ 'అర్జంటు' చీటీ తగిలిస్తే ఏ ఫైలూ అర్జంటు కాదని మనకు తెలిసిందే.

మన దక్షిణాదిలో కూడా దీనికి మంచి ఉదాహరణ ఉంది. కేరళలో మున్నారు దగ్గర కొండచరియలు విరిగిపడే చోట అమృత విశ్వవిద్యాపీఠం వారు భూమిలో గొట్టాలు దింపి, మట్టిలో నీటి ఒత్తిడి, నేల కదలిక కొలిచే పరికరాలు పెట్టారు. ఆ కొలతలు పెట్టె నుంచి పెట్టెకు, కొండ మీద నుంచి ఉపగ్రహం ద్వారా వారి కేంద్రానికి చేరతాయి. ఎండాకాలంలో తక్కువసార్లు కొలుస్తాయి, వాన పెరిగేకొద్దీ ఎక్కువసార్లు. బ్యాటరీ పొదుపు అలా. 2009 వర్షాకాలంలో దాని ఆధారంగా హెచ్చరిక కూడా ఇచ్చారు. 2024 జులై 30న వయనాడులో అర్ధరాత్రి దాటాక కొండ విరిగి పడి వందల మంది పోయిన వార్త మనం పేపర్లలో చదివాం. ఒక్క కబురు వేళకు అందడం, అందకపోవడం మధ్య ఎంత తేడా ఉందో అటువంటి రోజున తెలుస్తుంది. తంటా ఏమిటంటే, వాన, మెరుపు, కరెంటు పోవడం, అందరూ ఒకేసారి మాట్లాడటం, ఇవన్నీ కబురు అతి ముఖ్యమైన సమయంలోనే వచ్చిపడతాయి. మామూలు రోజున పనిచేసిన పద్ధతి ఆ రోజున కూడా పనిచేస్తేనే అది పద్ధతి.

ఇక నా సొంత సంగతి. ఇది ఇన్నేళ్ళుగా ఏ సభలోనూ చెప్పలేదు.

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. దాన్నిబట్టి ఆ వరద ఎంతటిదో ఊహించవచ్చు. ఆ రోజుల్లో నేను దిగువన గోదావరి గట్టు మీద ఒక ఆఫీసులో వరద డ్యూటీలో ఉన్నాను. వచ్చిన కబురు రిజిస్టరులో ఎక్కించడం, అందాల్సినవారికి ఫోనులో చెప్పడం నా పని. ఒక రాత్రి ఒక లంక గ్రామానికి కబురు పంపాలి. గట్టు మీది ఊళ్ళో ఫోను ఉంది, అక్కడినుంచి మనిషి వెళ్ళి లంకలో చెప్పాలి. లైను గరగరలాడుతోంది. నేను అరిచి చెప్పాను. అవతల ఎవరో "ఆఁ, ఆఁ" అన్నట్టు వినిపించింది. లైను తెగిపోయింది. నేను రిజిస్టరులో "రాత్రి 7-40కి సందేశం పంపడమైనది" అని రాసి, కింద గీత గీసి, తర్వాతి కబురు అందుకున్నాను. అబద్ధం రాయలేదు. పంపాను.

తొమ్మిది దాటాక మా ఆఫీసరుగారు వచ్చి రిజిస్టరు చూసి, "ఏమయ్యా, అందిందా?" అన్నారు. "పంపేశానండి" అన్నాను. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, "పంపడం నీ పని సరే, అందడం ఎవరి పని?" అన్నారు. మళ్ళీ ఫోను తిప్పితే మోగలేదు. పోలీసు వైర్‌లెస్ సెట్టులో వేరే ఊరికి చెప్పించి, అక్కడినుంచి పడవ మీద మనిషి వెళ్ళేసరికి తెల్లవారింది. లంకవాళ్ళు నీరు చూసి తామే లేచి, పిల్లాపాపలతో మెరక మీది బడికి చేరుకున్నారు. దేవుడి దయవల్ల మనుషులు పోలేదు. చీకట్లో పాకల దగ్గరికి ఎవరూ వెళ్ళలేకపోయారు. కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి.

కొన్నాళ్ళకు నష్టపరిహారం దరఖాస్తు పట్టుకుని ఒక ముసలాయన మా ఆఫీసుకు వచ్చాడు. కోపంగా లేడు. కాగితం నాకిచ్చి, "మీరు కబురంపారంట గదండీ. మాకైతే రాలేదండి. వచ్చుంటే పలుపులు కోసేసేవోణ్ణండి, అయ్యే ఈదుకుని పోయేయి" అన్నాడు. నేను ఆ దరఖాస్తుకు నంబరు వేసి, రసీదు రాసి ఆయన చేతిలో పెట్టాను. నా చెయ్యి వణికింది. ఆ మర్నాటి నుంచి నా రిజిస్టరులో ఇంకో గడి గీసుకున్నాను. "ముట్టినట్టు జవాబు, పేరు, వేళ." రిటైరయ్యే వరకు ఆ గడి ఖాళీగా ఉంచి సంతకం పెట్టలేదు. ఆ గడి గీయమని ఏ మాన్యువల్లోనూ లేదు. ఆ ముసలాయన చెప్పాడు.

అందుకే మా మనవరాలి పెట్టెల్లో 13, 14 రాకపోతే నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మన పనికి వస్తాను. మొదటిది, జీవన ధ్రువపత్రం. 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ పేరుతో ఇంటి దగ్గరి నుంచే వేలిముద్రతోనో, ఇప్పుడు ముఖం చూపించో ఇచ్చే వీలు వచ్చింది. మంచి సదుపాయం. కాని ఫోనుకు నంబరు రాగానే పని అయిపోయిందనుకోకండి. అది పంపినట్టు రసీదు. వివరాల్లో తేడా ఉంటే పింఛను ఇచ్చే కార్యాలయం దాన్ని తిరస్కరించవచ్చు. అంగీకరించారో లేదో ఒకసారి చూసుకోండి, లేదా పిల్లల చేత చూపించుకోండి. మరుసటి నెల పింఛను ఆగాక రిమైండరు రాయడం కంటే అది సులువు.

రెండవది ముఖ్యమైనది. మన సభ్యుల్లో ఒంటరిగా ఉంటున్నవారు ఎందరో ఉన్నారు. పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఆ మధ్య మనవారొకరు స్నానాలగదిలో జారిపడి, మర్నాడు పాలు పోసే అబ్బాయి తలుపు కొట్టేదాకా అలాగే ఉండిపోయారు. అబ్బాయి విదేశం నుంచి ఆ రాత్రే క్షేమమా అని మెసేజి పెట్టాడు. జవాబు రాకపోతే నాన్నగారు పడుకున్నారనుకున్నాడు. అతని తప్పు కాదు. ఏమీ రాకపోతే దానికి రెండు అర్థాలని ఇందాక చెప్పానే, అతను మొదటి అర్థం తీసుకున్నాడు. భగవంతుడి దయవల్ల వారు కోలుకుని ఈ రోజు మన మధ్యే కూర్చున్నారు. వారి అనుమతితోనే ఈ మాట చెబుతున్నాను.

అందుచేత కార్యదర్శిగారికి నా ప్రతిపాదన ఇది. ఒంటరిగా ఉండే సభ్యుల జాబితా ఒకటి రాయాలి. ప్రతివారికీ ఒక తోడు సభ్యుణ్ణి పెట్టాలి. ఉదయం ఎనిమిది గంటల లోపు "నిల్ రిపోర్టు" అని ఒక్క ఫోను. విశేషం లేకపోయినా సరే. రాకపోతే తోడువారు పది నిమిషాలకొకసారి మూడు ప్రయత్నాలు చేయాలి. అప్పటికీ జవాబు లేకపోతే పక్కింటివారికి చెప్పాలి. పక్కింటివారు వెళ్ళి చూసి తిరిగి ఫోను చేసేదాకా తోడువారు ఆ గడిలో సంతకం పెట్టకూడదు. తోడువారు ఊరు వెళ్ళేటట్లయితే చార్జి ఇంకొకరికి అప్పగించి వెళ్ళాలి. ఖర్చు ఏమీ లేదు. మనకు కావలసింది ఒక రూళ్ళ పుస్తకం. దాన్ని రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. చేతివ్రాత ఇంకా చెడలేదు.

మా మనవరాలికి ఈ ఆలోచన చెబితే, "తాతగారూ, ఇది మా ప్రోటోకాలే కదండీ" అంది. "కాదమ్మా, మీదే మాది" అన్నాను.

 వెనక వరసలో వారికి నా మాట అందిందో లేదో, ఒక్కసారి చెయ్యెత్తి చూపితే నేను దిగిపోతాను.